పది పైసల పాట



సుమారు పదిహేనేళ్ళ క్రిందట మా సున్నిపెంటలో ఫోన్లకు రీచార్జి చేసే అంగళ్ళలో ఒక కంప్యూటరు ఉండేది. మెమరీ కార్డు, ఇరవై రూపాయలు ఇచ్చి కూర్చుంటే అరగంటలో రెండు వందల పాటలు నింపి ఇచ్చేవారు. సినిమా పాటలే కాదు, మన క్రైస్తవ పాటలు కూడా. లెక్క వేస్తే పాట ఒక్కింటికి పది పైసలు. ఆ పది పైసలూ అంగడివానివే. శ్రీశైలము నుండి దోర్నాల వైపు దిగితే నల్లమలలో చాలా చోట్ల సిగ్నలు అందదు గనుక, లారీలు నడిపే మన సహోదరులకు కార్డులోని పాటలే తోడు. మేమును నింపించుకున్నాము. క్రిస్మసు కూటములో మైకునకు కూడ ఆ కార్డే పెట్టాము. ఆ దినములలో మనస్సాక్షి మమ్మును గద్దించలేదని ఒప్పుకొనుచున్నాము.

గద్దించినది ఒక సహోదరుని మాట. ఆయన ఆత్మకూరు ప్రాంతములో జొన్న, శనగ పండించుకొనే రైతు. కూటము ముగిసి భోజనములు వడ్డిస్తుండగా మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఇందాక మైకులో వేసిన పాట నాదే. మూడో చరణం మార్చేసినారు" అన్నాడు. 2001లో ఒక క్యాసెట్టు తీసేవారికి ఆ పాట ఇచ్చాడట. చేతికి వచ్చినది 500 రూపాయలు, పది క్యాసెట్లు. ఏదో కాగితము మీద సంతకము పెట్టాడు. తరువాత ఆ పాట సి.డి.గా వచ్చింది. ఒకనాడు బంధువులకు ఫోను చేస్తే గంటకు బదులు అదే పాట వినబడింది! ఆ ఇంటివారు అప్పట్లో దానికి నెలకు 30 రూపాయలు కట్టేవారు. ఆ కాలర్ ట్యూనులలో పెద్ద వాటా ఫోను కంపెనీలకే పోయేది. మిగిలినది పాట హక్కు కొన్నవారికి పోయేది. వ్రాసినవానికి ఏమియు లేదు.

పాటకు ధర కట్టుట అనేది ఎప్పుడూ తగవే. 1980లలో గుల్షన్ కుమార్ టి-సిరీస్ క్యాసెట్లను మిగతా కంపెనీలకన్న చాలా తక్కువకు అమ్మి పల్లెపల్లెకు చేర్చారు. పేదవాని ఇంట పాట మ్రోగింది, అది మేలే. 2003 ఏప్రిల్ 28న అమెరికాలో యాపిల్ కంపెనీ ఇంటర్నెట్టులో పాటల అంగడి తెరచి, ఏ పాటైనా 99 సెంట్లు అన్నది. అప్పటి మన డబ్బులో సుమారు 47 రూపాయలు. అందులో రికార్డు కంపెనీకి దాదాపు 70 సెంట్లు పోయేవి. అయినా కంపెనీలకు తృప్తి లేదు. క్రొత్త పాటకు ఎక్కువ, పాత పాటకు తక్కువ ఉండాలని ఏండ్ల తరబడి పట్టుబట్టి, 2009 ఏప్రిల్‌లో 69, 99, 129 సెంట్లు అని మూడు ధరలు పెట్టించుకున్నారు. ఆ పోరాటమంతయు అమ్మేవాని వాటా, కంపెనీ వాటా గురించే. వ్రాసిన చేతిని ఆ బేరములో ఎవరడిగారు?

మన దేశములో 2012 ఫిబ్రవరిలో ఫ్లిప్‌కార్ట్ ఫ్లైట్ అనే పాటల అంగడిని, అదే డిసెంబరులో యాపిల్ తన అంగడిని తెరిచాయి. పాట కొద్ది రూపాయలు మొదలుకొని 15 వరకు. అంటే ఒక టీ ఖర్చు. కాని ఆ కొద్ది రూపాయలు కంప్యూటరులో కట్టడానికి అప్పట్లో బ్యాంకు కార్డు కావలసి ఉండెను. మన పల్లెలో అది ఎందరికి ఉండెను? రీచార్జి అంగడిలో పది పైసలకు దొరుకుతూనే ఉండెను. ఫ్లైట్ 2013 జూన్‌లో మూతబడింది.

ఆ 2012లోనే కాపీరైటు చట్టము సవరించబడింది. కవి జావేద్ అఖ్తర్ రాజ్యసభలో ఉండి దాని కొరకు వాదించారు. పాట హక్కు అమ్ముకున్నా, వ్రాసినవానికిని బాణీ కట్టినవానికిని రాయల్టీలో సమాన వాటా ఉండాలనియు, ఆ వాటాను వదులుకొంటామని వ్రాయించుకున్న ఒప్పందము చెల్లదనియు అందులో ఉన్నది. కళ్ళము త్రొక్కే ఎద్దు మూతికి చిక్కము కట్టరాదను ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయపు కట్టడ మనకు క్రొత్త కాదు. మన సహోదరుని సంతకము మాత్రము ఆ సవరణకు పదకొండేళ్ళు ముందరిది.

ఆరాధనలో ఇతరులు వ్రాసిన పాట పాడవచ్చునా అని కొందరు కలతపడి అడిగారు. నిరభ్యంతరముగా పాడవచ్చును. నిజమైన మతాచారములో పాడుటను, వినిపించుటను చట్టమే మినహాయించినది. కార్డులలో నింపి అమ్ముట వేరు, ఇతరుల పాట తన పేరున అచ్చువేసుకొనుట వేరు. దేవుని పాటకు ధర ఏమిటి, ఉచితముగా పొందితిమి గదా అనేవారు కూడ ఉన్నారు. వారిలో ఎక్కువమంది పాట వ్రాసినవారు కారు, విన్నవారే!

మేము సంఘపెద్దలతో మాట్లాడి, పండుగకు అచ్చువేసే పాటల పుస్తకములో ప్రతి పాట క్రింద వ్రాసినవారి పేరు వేయాలని, జీవించియున్నవారిని అడిగి, కానుక ఇచ్చి వేసుకోవాలని తీర్మానించాము. మొదటిగా ఆత్మకూరు సహోదరుని యొద్దకు వెళ్ళాము. ఆయన శనగ కళ్ళములో ఉన్నాడు. కవరు చేతిలో పెడితే తీసుకోలేదు. లోపలికి వెళ్ళి అంచులు నలిగిన నోటుబుక్కు తెచ్చి, "డబ్బు సంగతి అట్ల ఉండనీండి అయ్యగారూ, మూడో చరణం నేను రాసినట్టు వేయండి" అని ఆ పుట తెరచి ఇచ్చాడు.