లంచం ఇచ్చినోళ్లకీ జైలేనా? ఏసీబీ ట్రాప్ ఎలా జరుగుతుంది?

కోనసీమలో ఎవరినడిగినా ఒకటే మాట. "ఎంతో కొంత ఇచ్చేస్తే పనైపోద్ది కదండీ!"

కొత్తపేటలో మీ తాతగారి కొబ్బరితోట మీ నాన్నగారి పేరు మీదకి మారాలి, ఆఫీసులో ఐదు వేలు అడిగారు అనుకుందాం. ఇచ్చేయొచ్చా? 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించాక, ఇచ్చినవాళ్లకీ ఏడేళ్ల వరకూ జైలు పడొచ్చు. బలవంతం మీద ఇచ్చామంటే, 7 రోజుల్లోపు పోలీసులకో ఏసీబీకో చెప్పి తీరాలి.

నన్నడిగితే, ఇవ్వకముందే 1064కి ఫోన్ చేయడం మేలు. ముందే చెప్పి, వాళ్లతో కలిసి ఇస్తే మీరు నేరస్థులు కారు. నోట్ల నంబర్లు రాసుకుని, వాటికి ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. ఆ నోట్లు పట్టుకున్న వేళ్లని సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకి మారతాయి. స్కూల్లో బట్టీపట్టిన కెమిస్ట్రీయే, ఆయ్!

కానీ రంగొక్కటే చాలదు. లంచం "అడిగాడు" అని కోర్టులో రుజువు కావాలి. అసలు చిక్కు ఇక్కడే. మన ఊళ్లలో అందరూ తెలిసినోళ్లే. పెద్దమనుషులు ఇంటికొచ్చి "పిల్లలున్నోడు, వదిలేయరా" అంటారు. ఫిర్యాదు చేసినాయన సాక్ష్యంలో మాట మార్చేస్తాడు. అలా మార్చినా కేసు పోనక్కర్లేదనీ, మిగతా సాక్ష్యాలతో రుజువు చేయొచ్చనీ 2022 డిసెంబరులో నీరజ్ దత్తా కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది.

అందుకే ఎవరు, ఏ రోజు, ఎవరి ముందు ఎంత అడిగారో అప్పుడే ఫోన్లో రాసి పెట్టుకోండి. అమలాపురం నుంచైనా రాజోలు నుంచైనా నంబరు అదే, 1064.