నాచు నీడలో కొర్రమట్ట

సముద్రగర్భంలోనూ అడవులున్నాయి. శీతల జలాలు గల తీరాలలో, నీటి అడుగున ఉన్న రాళ్ళను పట్టుకొని ఉపరితలం దాకా పెరిగే గోధుమవర్ణపు శైవలాలను కెల్ప్ అంటారు. వాటిలో పెద్దదైన జాతి అనుకూల పరిస్థితులలో ఒక్క రోజులో అరమీటరు పెరుగుతుంది. నలభై మీటర్ల పొడవును కూడ అందుకొంటుంది. 1834లో దక్షిణ అమెరికా ఖండపు కొసన వీటిని పరిశీలించిన చార్లెస్ డార్విన్, ఈ నాచువనాలను ఉష్ణమండలపు అరణ్యాలతో పోల్చాడు. ఒక దేశంలోని అడవి నశిస్తే అంతరించే జీవజాతుల కన్న, ఈ నాచు నశిస్తే అంతరించే జీవజాతులే ఎక్కువని ఆయన అభిప్రాయం.

ఇటువంటి నాచువనాలలో పెద్ద చేపలు మసలుతాయి. కాలిఫోర్నియా వంటి తీరాలలో వేటగాళ్ళు కయాక్ అనే సన్నని చిన్నపడవలో ఒంటరిగా వెళ్ళి, నాచు అంచున దాన్ని నిలిపి, ఊపిరి బిగబట్టి నీటిలో మునిగి, ఈటెతో ఆ చేపలను వేటాడుతారు. ఇంజను లేని ఆ పడవ చప్పుడు చేయదు; నాచుతీగలలో చిక్కుకోదు. ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యూట్ ప్రజలు సీల్ జంతువుల వేటకు తోళ్ళతో నిర్మించుకొన్న పడవయే నేటి కయాక్‌కు మూలం.

ఆదిలాబాద్‌కు సముద్రం చాల దూరం. పైగా కెల్ప్ చల్లని నీటి శైవలం కావడంచేత బంగాళాఖాతపు వెచ్చని తెలుగు తీరంలో సైతం అది పెరగదు. అయినా నాచు, చిన్నతెప్ప, ఈటె, పెద్ద చేప అనే నాలుగూ ఉత్తర తెలంగాణ చెరువులలో ఒకచోట కలుస్తాయి. ఆ చేప కొర్రమట్ట. కోస్తా ప్రాంతంలో దీనిని కొర్రమీను, కొరమేను అంటారు. 2016లో తెలంగాణ ప్రభుత్వం దీనిని రాష్ట్ర చేపగా ప్రకటించింది.

పూర్వపు ఆదిలాబాద్ జిల్లా 2016లో నాలుగు జిల్లాలుగా విడిపోయింది. ఆ భూభాగానికి ఉత్తరాన పెన్‌గంగ, తూర్పున ప్రాణహిత, దక్షిణాన గోదావరి ప్రవహిస్తున్నాయి. నడుమ కొండల నుండి కడెం, స్వర్ణ వంటి వాగులు దిగివస్తాయి. అయితే కొర్రమట్ట వేగంగా పారే నీటి కన్న నిలువనీటిని కోరుకొనే చేప. చెరువులు, కుంటలు, వాగుమడుగులు, నీరు నిలిచిన వరిమళ్ళు దాని నివాసాలు. చెరువు శిఖంలో లోతు తక్కువైనచోట తుంగ, జమ్ము దట్టంగా లేస్తాయి. మరికొంత లోపల తామర, కలువ ఆకులు పరచుకొంటాయి. నీటి అడుగున సన్నని ఆకుల నాచు జడలవలె అల్లుకొని ఉంటుంది. వీటికి తోడు దక్షిణ అమెరికా నుండి అలంకారపు మొక్కగా ప్రపంచమంతటికీ వ్యాపించిన గుర్రపుడెక్క ఒకటి. చూడడానికి ఊదారంగు పూలతో మనోహరంగానే ఉంటుంది గాని, అది కప్పిన చెరువులో వల వేయడం అసాధ్యం.

వల పనికిరాని ఆ చోటునే కొర్రమట్ట ఆశ్రయిస్తుంది. బొచ్చె, రవ్వ, బంగారుతీగ వంటి చేపలు చెరువు నడుమ గుంపులుగా తిరిగి వలకు చిక్కుతాయి. కొర్రమట్ట మాంసాహారి. కప్పలను, చిన్నచేపలను, పురుగులను నాచుచాటున పొంచి ఉండి ఒక్క ఉదుటున పట్టుకొంటుంది. పాముతలను పోలిన తల, స్తంభంలా గుండ్రని దేహం, పొలుసులపై చీకటిచారలు. ఎండుటాకుల నీడలో అది కదలక నిలిచితే అలవాటులేని కన్ను గుర్తించలేదు. అందువల్లనే దానిని పట్టడానికి వల కన్న గాలం, వెదురుతో అల్లిన మావు, ఈటె వంటి సాధనాలు ఎక్కువగా అక్కరకు వచ్చాయి. గాలానికి బ్రతికిన కప్పపిల్లను ఎరగా గుచ్చడం పాత అలవాటు.

నాచులోకి పోవడానికి పెద్ద పడవ పనికిరాదు. గోదావరి వెంట వెదురుతో అల్లిన గుండ్రని పుట్టి ఉన్నది. చెరువులలో మాత్రం లారీచక్రపు గాలిట్యూబు, లేదా థర్మోకోల్ దిమ్మెలను గోనెసంచిలో గాని వలగుడ్డలో గాని బిగించి కట్టిన తెప్ప సాధారణంగా కనిపిస్తుంది. ఒక్క మనిషి దానిపై కూర్చుండి చిన్న చెక్కపలకలతోనో, అరచేతులతోనో నీటిని నెడుతూ కదులుతాడు. కయాక్‌ను చూచి నేర్చుకొన్నది కాదిది. ఒక్కడే పోవాలి, చప్పుడు కారాదు, చిక్కుకోరాదు అనే మూడు అవసరాలే రెండుచోట్లా ఒకే ఉపాయాన్ని నేర్పాయి.

కొర్రమట్ట వేటకు కీలకం దాని శ్వాసక్రియలో ఉన్నది. తక్కిన చేపలు మొప్పలతో నీటిలోని ప్రాణవాయువును గ్రహిస్తాయి. కొర్రమట్టకు మొప్పలున్నా అవి చాలవు. మొప్పలకు పైభాగాన, తలలో, గాలిని నింపుకొనే ఒక గది ఉన్నది. కొంతసేపటికొకసారి అది నీటిపైకి వచ్చి గాలిని మ్రింగి తిరిగి లోపలికి పోవాలి. పైకి రానీయకుండ నీటిలోనే బంధిస్తే, చేప అయి ఉండికూడ ఊపిరాడక చనిపోతుంది. అదే అవయవం దానికి గొప్ప వరం కూడ. ప్రాణవాయువు సన్నగిల్లిన మురుగునీటిలో అది జీవించగలదు. వేసవిలో చెరువు ఎండితే తడిబురదలో తలదాచుకోగలదు. వానకాలంలో చెరువు మత్తడి దుంకినప్పుడు, తడినేలమీద ప్రాకుతూ ఒక మడుగు నుండి మరొక మడుగుకు చేరగలదు. అంగడిలో నీళ్ళు అంతంత మాత్రంగా ఉన్న తొట్టిలో కొర్రమట్ట గంటల తరబడి ప్రాణంతో కదలాడడానికి కారణం ఇదే.

ఇక్కడ ఒక విచిత్రమైన తారుమారు కనిపిస్తుంది. కెల్ప్ వనంలో చేప నిశ్చింతగా ఉంటుంది. ఊపిరికోసం పైకి రావలసినవాడు వేటగాడు. చెరువులో వేటగాడు తెప్పపై నిశ్చింతగా కూర్చుంటాడు. ఊపిరికోసం పైకి రావలసినది చేప. కనుక సముద్రపు వేట వెతుకులాట, చెరువు వేట నిరీక్షణ. నాచు నడుమ ఏర్పడిన చిన్న సందులో నీరు సన్నగా కదలడం, ఒకటి రెండు బుడగలు లేవడం, తామరాకు అంచు వణకడం చేప రాకకు గుర్తులు. చేపకు దేహం ఇరువైపులా పార్శ్వరేఖ అనే గ్రాహకాల వరుస ఉంటుంది. నీటిలోని అతిస్వల్ప కంపనాన్ని కూడ అది గ్రహిస్తుంది. తెప్పమీది మనిషి కాలు కదిపినా, అతని నీడ ముందుకు పడినా ఆ పూట వేట ముగిసినట్లే.

చేప కనబడినంత మాత్రాన ఈటె తగలదు. కాంతి నీటిలో నుండి గాలిలోకి వచ్చేటప్పుడు వంగుతుంది. నీటి వక్రీభవన గుణకం 1.33. నిలువుగా పైనుండి చూచినప్పుడు వస్తువు దాని నిజమైన లోతులో నాలుగింట మూడువంతుల లోతులోనే ఉన్నట్లు తోస్తుంది. ఒక మీటరు లోతున ఉన్న చేప డెబ్బది ఐదు సెంటీమీటర్ల లోతున కనబడుతుంది. ఏటవాలుగా చూస్తే ఈ భ్రాంతి మరింత పెరుగుతుంది. అందుచేత కనబడిన చేపకు గురిపెట్టినవాని ఈటె చేప వీపుమీదుగా దాటిపోతుంది. భౌతికశాస్త్ర గ్రంథాన్ని ఎన్నడూ చూడని వేటగాడు సైతం చేప కనిపించిన చోటుకు దిగువన పొడుస్తాడు. వీలైతే తెప్పను చేపకు సరిగ్గా పైకి తెచ్చి నిలువునా పొడుస్తాడు. నిలువు చూపులో లోతు మారుతుందే గాని దిశ మారదు. సముద్రంలో మునిగినవాని సమస్య వేరు. కండ్లకు తగిలించుకొన్న అద్దంలో అతనికి చేప మూడోవంతు పెద్దదిగా, దగ్గరగా కనిపిస్తుంది. దొరికిన చేపను ఒడ్డుకు తెచ్చి కొలిచినప్పుడు అది కాస్త కుంచించుకుపోవడం ఆ వేటలో మామూలే.

అసలైన చిక్కు వానకాలంలో వస్తుంది. కొర్రమట్ట గ్రుడ్లు పెట్టేది ప్రధానంగా అప్పుడే. ఆడ, మగ చేపలు కలిసి లోతులేని చోట నాచును తొలగించి గుండ్రని జాగాను సిద్ధం చేసుకొంటాయి. పసుపుపచ్చని గ్రుడ్లు నీటిపై తేలుతాయి. ఒకటి రెండు రోజులలో పిల్లలు వెలువడతాయి. తక్కిన చేపలవలె సంతానాన్ని నీటిపాలు చేయక, తల్లిదండ్రులు, ముఖ్యంగా మగచేప, కొన్ని వారాలపాటు వాటిని కాపాడుతుంది. ఎర్రని పిల్లలు వందలకొలదిగా ఒక బంతివలె ముద్దగా చేరి నీటిపైకి, లోపలికి ఆడుతుంటాయి. వాటి అడుగున పెద్దచేప కాపలా తిరుగుతుంది. సమీపించిన కప్పనైనా, పామునైనా, చివరికి మనిషి కాలినైనా ఎదుర్కొంటుంది.

వేటగానికి ఇంతకన్న తేలికైన గుర్తు మరొకటి లేదు. ఎర్రని పిల్లల ముద్ద ఎక్కడ ఉన్నదో, దాని క్రింద పెద్దచేప అక్కడ ఉన్నది. ఏడాది పొడుగునా నాచులో దాగి కంటబడని చేప, ఈ కొద్ది వారాలు మాత్రం పారిపోదు. ఈటె ఒక్క చేపనే తీసినట్లు కనిపిస్తుంది. కాని కాపలా తొలగిన మరుక్షణం నుండి ఆ పిల్లలు ఇతర చేపలకు, నీటిపురుగులకు, కొంగలకు ఆహారమవుతాయి. బంతిగా ఉన్న ఆ ముద్ద చెదరిపోతుంది. ఒక్క పోటుకు పోయినది ఒక చేప కాదు, మరుసటి ఏటి పంట.

దీనికి తోడు మృగశిర కార్తె ప్రవేశించే రోజున చేపను తినడం తెలంగాణ పల్లెల్లో, పట్టణాల్లో బలమైన ఆచారం. ఆ రోజు జూన్ రెండవ వారం ప్రాంతంలో వస్తుంది. ముళ్ళు తక్కువ, రుచి ఎక్కువ కావడంచేత కొర్రమట్టకు ఎప్పుడూ గిరాకీయే. ఆనాడు మరీ ఎక్కువ. తొలకరి కురిసి చేప జతకట్టేందుకు సిద్ధమయ్యే సమయం, దాని ధర ఆకాశాన్నంటే సమయం దాదాపు ఒకటే కావడం దాని దురదృష్టం. అయితే ఈ విషయంలో చెరువునే నమ్ముకొన్న గంగపుత్రుల, ముదిరాజుల కుటుంబాలను నిందించడం న్యాయం కాదు. చెరువులో చేప తరిగితే మొదట పస్తుండేది వారే. మత్స్య సహకార సంఘాల ద్వారా చెరువుపై హక్కు పొందినవారికి రేపటి చేపపై కూడ ఆశ ఉంటుంది. సరదాకు వచ్చి పొడిచిపోయేవారికి ఆ చింత లేదు.

కెల్ప్ వనాలలోనూ ఇటువంటి కథ జరిగింది. కాలిఫోర్నియా నాచువనాలలో రెండు మీటర్లకు పైగా పెరిగే జెయింట్ సీ బాస్ అనే చేప ఉన్నది. సంతానోత్పత్తి కాలంలో ఒకేచోట గుమికూడుతుంది. మనిషికి అంతగా బెదరదు. వలలకు, గాలాలకు, ఈటెలకు అది సులభంగా బలియై, చూడడానికే అరుదైపోయింది. 1982లో అక్కడ దాని వేట నిషిద్ధమైంది. ఆ తరువాత దశాబ్దాలకు గాని అది నాచువనాలలో తిరిగి కనిపించసాగలేదు.

కొర్రమట్టకు ఈటె ఒక్కటే శత్రువు కాదు. 1988లో భారతదేశంలో ప్రవేశించిన ఒక వ్యాధి మంచినీటి చేపల ఒంటిపై పుండ్లు పుట్టించి, కొర్రమట్ట జాతులను తీవ్రంగా దెబ్బతీసింది. నీటిలో విషం కలిపి, మందుగుండు పేల్చి చేపలు పట్టడాన్ని 1897 నాటి భారత మత్స్య చట్టమే నిషేధించింది. అయినా విషపు మందులు, కరెంటు తీగలు నేటికీ చాటుమాటుగా వాడుకలో ఉన్నాయి. వాటితో పోలిస్తే ఈటె ఎంతో మర్యాదగల ఆయుధం. ఏ చేపను కొడుతున్నదీ వేటగానికి తెలుసు. తెలంగాణ ప్రభుత్వం 2016లో చెరువులలో ఉచితంగా చేపపిల్లలను వదిలే పథకాన్ని ఆరంభించినప్పుడు వాటిలో అధికభాగం బొచ్చె, రవ్వ వంటి చేపలవే. కొర్రమట్ట పిల్లలను పెంచడం కష్టం. ఆకలైతే అవి ఒకదానినొకటి మ్రింగుతాయి.

ఈ వేట మనిషికీ నిరపాయకరం కాదు. తెప్ప బోల్తాపడితే ఈత వచ్చినవానికి సైతం నాచు కాళ్ళకు చుట్టుకొంటుంది, గింజుకొన్నకొద్దీ బిగుస్తుంది. మంచిర్యాల, మంథని పరిసరాలలోని శివ్వారం వద్ద గోదావరి మడుగులలో మొసళ్ళున్నాయి. సముద్రంలో ఊపిరి బిగబట్టేవారికి మరొక గండం. మునిగే ముందు గబగబ గాలి పీల్చి వదిలితే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి, ఊపిరి కావాలనే హెచ్చరిక ఆలస్యమవుతుంది. హెచ్చరిక అందేలోగానే స్పృహ తప్పుతుంది.

వానలు వెనుకబట్టి చెరువునీరు తేటబడేసరికి పిల్లలు ఎర్రరంగును వదలి, ముదురు చారలు తెచ్చుకొని, ఎవరికివారుగా నాచులోకి చెదరిపోతాయి. పెద్దచేప మళ్ళీ ఒంటరి అవుతుంది. గాలికోసం తప్ప పైకి రాదు; వచ్చినా నీడ కనబడితే మాయమవుతుంది. తెప్పపై ఈటె పట్టుకొన్న మనిషి దానికోసం పూటంతా కదలక కూర్చోవలసింది అప్పుడే.