మూగవోయిన రేడియోలో తగరపు మీసములు

అటకపై పదిలముగా దాచిన పాత ట్రాన్సిస్టరు రేడియో, ఏ దెబ్బయు తగలకుండగనే మూగవోవుట కలదు. బ్యాటరీలు క్రొత్తవే, తీగలు తెగలేదు. మరి కారణమేమి?

1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెయిన్ అను శాస్త్రజ్ఞులు తొలి ట్రాన్సిస్టరును పని చేయించి చూపిరి. వాల్వులో వలె వేడెక్కి కాలిపోవు తీగ ఇందులో లేదు. కావున ఇది చిరకాలము మన్నవలెను. కాని ఒక జాతి ట్రాన్సిస్టర్ల విషయము వేరు.

1960 దశకములో మల్లార్డ్, ఫిలిప్స్ సంస్థల ఏఎఫ్ 114 మొదలు ఏఎఫ్ 117 వరకు గల ట్రాన్సిస్టర్లు ఐరోపా రేడియోలలో విరివిగా వాడబడినవి. పేరులోని మొదటి అక్షరము జర్మేనియమును, రెండవది అధిక పౌనఃపున్యమును తెలుపును. ఎమిటర్, బేస్, కలెక్టర్ తీగలే గాక, లోహపు డబ్బాకు అతికిన కవచపు తీగ నాల్గవది. దీనిని రేడియోలోని ఎర్తుకు కలుపుదురు.

చిక్కు ఆ డబ్బాలోనే ఉన్నది. లోపలి తగరపు పూతలో కొంత ఒత్తిడి నిలిచియుండును. అది సడలుచుండగా తగరము వెండ్రుకకన్న ఎన్నో రెట్లు సన్నని స్ఫటికముగా వెలికి పెరుగును. వీనినే తగరపు మీసములందురు. రేడియోను వాడకున్నను వీని పెరుగుదల ఆగదు. మీసము కలెక్టరునో బేసునో తాకినచో విద్యుత్తు డబ్బా మీదుగా ఎర్తుకు దారి మళ్లును, రేడియో మూగవోవును.

దీనిని కనుగొనుట ఎట్లు? ముందు బ్యాటరీ తీసివేయవలెను. కరెంటుతో నడచు రేడియోను విద్యార్థులు ఒంటరిగా విప్పరాదు; ప్లగ్గు తీసిన పిదపను కండెన్సర్లలో విద్యుత్తు నిలిచియుండవచ్చును. కవచపు తీగను ఎర్తునుండి విడదీసి, దానికిని తక్కిన మూడింటికిని మధ్య నిరోధమును మీటరుతో కొలువుడు. వీని నడుమ విద్యుత్తుకు దారి ఉండరాదు. నిరోధము స్వల్పముగా కనబడినచో మీసము తగిలినదన్నమాట.

ఒక్క తీగకే తగిలినచో కవచపు తీగను కత్తిరించిన చాలును. రేడియో తరచుగా మరల పలుకును. రెండు తీగలకు తగిలినచో అవి డబ్బా ద్వారా ఒకదానితో నొకటి కలిసిపోవును గనుక ఈ ఉపాయము పనికిరాదు. ఏఎఫ్ 127 వంటి దానిని అమర్చవలెను. కండెన్సరులోని విద్యుత్తును ఒక్కసారిగా విడిచి మీసమును కాల్చువారును కలరు. కాని అది మరల మొలవవచ్చును.

ఇది పాత రేడియోల ముచ్చట మాత్రమే కాదు. 1998 మే నెలలో గెలాక్సీ 4 ఉపగ్రహము చెడి, అమెరికాలో అధికభాగము పేజర్లు నిలిచిపోయినవి. తగరపు మీసమే అందుకు కారణమని నిపుణులు భావించిరి. తగరములో కొంత సీసము కలిపిన ఈ పెరుగుదల చాలవరకు అణగును. కాని సీసము విషపదార్థము. అందుచే 2006 నుండి ఐరోపా సమాఖ్య ఎలక్ట్రానిక్ పరికరములలో దాని వాడకమును కట్టడి చేసినది. కావున నేటి ఇంజనీర్లకును ఈ మీసముల బెడద తప్పలేదు.

పాత రేడియో పలుకుట లేదని పారవేయకుడు. లోహము పెరుగు వింతను మీటరుతో పట్టి చూపుటకు పాఠశాలకు అంతకన్న చవకయైన సాధనము దొరకదు.