మీకు తెలుసా? చంద్రముఖి డాక్టరుకు ఆఫ్రికాలో ఓ అన్నగారు

సినిమాల్లో దెయ్యం పడితే భూతవైద్యుడొస్తాడు, మతి చెడితే డాక్టరొస్తాడు. ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టింది 2005 నాటి ‘చంద్రముఖి’. అందులో మానసిక వైద్యుడైన రజనీకాంత్ తానే చంద్రముఖినని నమ్మే గంగతో ‘ఇదంతా నీ భ్రమ’ అంటూ వాదించడు. మంత్రాలు తెలిసిన ఆచార్యుణ్ణి తోడు చేసుకుని, పొగా పూజా అన్నీ పెట్టించి, రాజు మీద పగ తీర్చుకునే అవకాశం ఆమెకే ఇస్తాడు. తీరా పలక తిరగబడి మనిషి బదులు బొమ్మ బలవుతుంది. ఆమె నమ్మకాన్ని పట్టుకునే ఆమెను బయటికి లాగాడన్నమాట! 2010లో దీనికి కొనసాగింపుగా వచ్చిన ‘నాగవల్లి’ కోసం అదే వృత్తిలోకి దిగింది వెంకటేశ్.

సినిమాది కట్టుకథే గానీ, అందులో సగం నైజీరియాలో నిజంగా జరిగింది. ఇంగ్లండులో చదువుకొచ్చిన థామస్ అడియోయే లాంబో 1954లో తన సొంతూరు అబెయోకుటా దగ్గర ‘ఆరో’ (Aro) అనే మానసిక ఆసుపత్రి బాధ్యత తీసుకున్నారు. అప్పటికి భవనాలు ఇంకా కడుతూనే ఉన్నారు. రోగుల్ని చుట్టుపక్కల పల్లెల్లో అద్దెకుంచారు. షరతు ఒక్కటే: ఇంటిమనిషి ఒకరు తోడుండాలి. వండిపెట్టడం, ఆసుపత్రికి వెంటబెట్టుకు రావడం వాళ్ల పని. పగలు వైద్యం, సాయంత్రం మామూలు పల్లె బతుకు. సంప్రదాయ వైద్యుల్నీ ఆయన పనిలో కలుపుకున్నారు, జనం భయాల గుట్టు తెలిసినవాళ్లు వాళ్లే కాబట్టి. సినిమాలోలా ఒక్క రాత్రిలో తేలిపోయే వ్యవహారం మాత్రం కాదది. (తెర మీద మందుబిళ్లకు గ్లామరు లేదు, ఏం చేస్తాం!) ఆ తర్వాత లాంబో ప్రపంచ ఆరోగ్య సంస్థ డిప్యూటీ డైరెక్టర్ జనరల్ అయ్యారు.

2006లో జింబాబ్వే మానసిక వైద్యుడు డిక్సన్ చిబండా ఇంకో దారి పట్టారు. డాక్టర్లు చాలక, హరారేలో 14 మంది అమ్మమ్మలకు శిక్షణ ఇచ్చి, క్లినిక్ ఆవరణలో బెంచీల మీద కూర్చోబెట్టారు. దిగులున్నవాళ్లు పక్కన కూర్చుని చెప్పుకోవడమే.

మన పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆ అమ్మమ్మల పాత్ర ఆశా కార్యకర్తలది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వారి ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ ప్రాజెక్టులో వాళ్లు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి నిద్ర గురించీ దిగులు గురించీ తెలుగులోనే అడిగారు. అవసరమున్నవాళ్లను ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరికి పంపారు.

గడప దాటకుండా తెలుగులో మాట్లాడాలంటే 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ఫోన్ సేవ ఉంది. నంబరు 14416. రాత్రయినా పలుకుతారు, డబ్బులక్కర్లేదు.