అనిమే ఏ దేశంలో చూస్తున్నారు?

అమెరికా నుంచి కౌలాలంపూర్‌కి మారినప్పుడు సామాన్లన్నీ భద్రంగానే వచ్చాయి గానీ, మావాడి అనిమే లిస్టు మాత్రం సగం దారిలోనే పడిపోయింది. అదే ఎకౌంటు, అదే పాస్‌వర్డు, అదే క్రెడిట్ కార్డు. లాగిన్ అయితే వాడు చూస్తున్నవాటిలో సగం సిరీస్‌లు లేవు. "డబ్బులు కట్టడం మర్చిపోయావా నాన్నా?" అని అడిగాడు. ఏదో లైసెన్సుల గొడవలే అని దాటేశాను.

ఇక వాడు తన దారి తను చూసుకున్నాడు. ఓ సాయంత్రం నా ఆఫీసు లాప్‌టాప్‌లో ఏదో ఉచిత సైటు తెరిచి, ప్లేయర్ అప్‌డేట్ చేసుకోమంటే చేసేశాడు. మర్నాడు పొద్దున్నే క్లయింటు సెక్యూరిటీ వాళ్ళ ఫోను. లాప్‌టాప్‌ని నెట్‌వర్క్ నుంచి తప్పించారు, రెండు రోజులు పని ఆగింది, సంజాయిషీ రాసివ్వాల్సి వచ్చింది. ఊరందరికీ సెక్యూరిటీ గురించి చెప్పేవాణ్ణి, స్క్రీన్ లాక్ చెయ్యకుండా కాఫీకి లేచాను. వాణ్ణేమని తిట్టను? ఆ శనివారం కూర్చుని, ఇక్కడినుంచి న్యాయంగా ఏమేం చూడొచ్చో వెతికాను. గల్ఫులోనో, ఆగ్నేయాసియాలోనో, ఆఫ్రికాలోనో ఉన్న మనవాళ్ళకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

అసలు ఒకే సిరీస్ ఒక దేశంలో ఉండి ఇంకో దేశంలో ఎందుకుండదు? అనిమేకి సాధారణంగా ఒక్క యజమాని ఉండడు. పుస్తకం అచ్చేసినవాళ్ళు, టీవీ చానెల్, బొమ్మలమ్మేవాళ్ళు, పాటల కంపెనీ అందరూ కలిసి నిర్మాణ కమిటీగా ఏర్పడి పెట్టుబడి పెడతారు. మన సినిమాల్ని నైజాం, సీడెడ్, ఓవర్సీస్ అని ఏరియాలవారీగా అమ్మినట్టే, వాళ్ళూ హక్కుల్ని దేశాలవారీగా అమ్ముకుంటారు. పాటల హక్కులు మళ్ళీ వేరు. 1995 నాటి ఎవాంజెలియన్‌ని 2019లో నెట్‌ఫ్లిక్స్ విడుదల చేసినప్పుడు, అమెరికాతో సహా చాలాచోట్ల చివర్లో వచ్చే ఫ్లై మీ టు ద మూన్ పాట మాయమైంది!

చిన్న మార్కెట్ అంటే ఎప్పుడూ నష్టమే అనుకోనక్కర్లేదు. 2020 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా నెట్‌ఫ్లిక్స్ మూడు విడతలుగా 21 జిబ్లీ సినిమాలు పెట్టింది, అమెరికా, కెనడా, జపాన్ తప్ప. అమెరికా హక్కులు హెచ్‌బీవో మ్యాక్స్‌కి వెళ్ళాయి. టొటొరో కోసం అమెరికాలో ఇంకో చందా కట్టాల్సొచ్చింది, మనకి ఉన్న చందాలోనే వచ్చేసింది. నెట్‌ఫ్లిక్స్‌తో ఇంకో సుఖం ఏమిటంటే, ప్లూటో, సైబర్‌పంక్ ఎడ్జ్‌రన్నర్స్ లాంటి వాళ్ళ సొంత సరుకు ఏ దేశానికెళ్ళినా మనతోనే వస్తుంది. మిగతా కేటలాగు మాత్రం మీ ఎకౌంటు ఎక్కడ తెరిచారని కాదు, మీరిప్పుడు ఎక్కడున్నారన్నదాన్ని బట్టి మారుతుంది.

వారం వారం జపాన్‌తో పాటే చూడాలనుకుంటే క్రంచీరోల్ పెద్దది. 2006లో అభిమానులు ఎక్కించిన వీడియోలతో మొదలై, 2009లో టీవీ టోక్యోతో ఒప్పందం చేసుకుని దారిలోకొచ్చిన సైటు. 2021లో సోనీ వాళ్ళ ఫనిమేషన్ దీన్ని సుమారు 117 కోట్ల డాలర్లకి కొంది. తమాషా ఏమిటంటే చివరికి మిగిలింది క్రంచీరోల్ పేరే. ఫనిమేషన్ యాప్ 2024 ఏప్రిల్‌లో మూతపడింది. డిస్కులతో పాటు వచ్చిన డిజిటల్ కాపీలు కూడా దానితోనే పోయాయి. అంచేత "కొన్నాం" అనే మాటని స్ట్రీమింగ్‌లో కాస్త అనుమానంగానే చూడండి. ఇక్కడ కూడా ధర, కేటలాగు రెండూ దేశానికో రకం. భారతదేశంలో 2022లో నెల చందాని 79 రూపాయలకి దించారు.

నాకు బాగా నచ్చినవి మాత్రం యూట్యూబ్ చానెళ్ళు. తైవాన్‌కి చెందిన మ్యూజ్ కమ్యూనికేషన్ వాళ్ళ మ్యూజ్ ఏషియా, హాంకాంగ్ మీడియాలింక్ వాళ్ళ యానీ-వన్ ఏషియా. ఆసియా హక్కులు కొనుక్కుని పూర్తి ఎపిసోడ్లు ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళతో పెడతారు. స్పై ఫ్యామిలీని ఇలాగే పైసా ఖర్చు లేకుండా చూడొచ్చని తెలిసినప్పుడు మావాడి మొహం చూడాలి! ఒప్పందం గడువు తీరితే సిరీస్‌ని తీసేస్తారు, కొన్ని సభ్యత్వం కట్టినవాళ్ళకే ఉంటాయి. వీళ్ళ వ్యాపారం ప్రధానంగా దక్షిణ, ఆగ్నేయాసియాల్లో కనక దుబాయ్, జొహానెస్‌బర్గ్‌ల వాళ్ళు వీటి మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. మీరు ముందు నెట్‌ఫ్లిక్స్, క్రంచీరోల్ చూసుకోవాలి.

వీపీఎన్ పెట్టుకుంటే సరిపోతుంది కదా అని మీలో సగంమంది అనుకుంటూనే ఉంటారు. వీపీఎన్‌లు చాలావరకు డేటాసెంటర్ ఐపీల మీదే నడుస్తాయి, ఆ శ్రేణుల్ని పట్టుకోవడం వీళ్ళకి కష్టమేమీ కాదు. ఈ వారం పనిచేసింది పై వారం పనిచెయ్యదు. పైగా వాడకం నిబంధనలకి విరుద్ధం. డబ్బు కట్టి మరీ దొంగచాటుగా చూడడం నాకైతే సయించలేదు.

చందా కట్టేముందు జస్ట్‌వాచ్‌లో మీ దేశం ఎంచుకుని, మీకు కావలసిన నాలుగైదు పేర్లు వెతకండి. పది నిమిషాల పని. మనకి ఇంకో తనిఖీ కూడా ఉంది: తెలుగు. సోలో లెవలింగ్‌ని 2024లో క్రంచీరోల్ తెలుగులోనూ ఇచ్చింది. 2025 సెప్టెంబరులో డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ కాసిల్ మన థియేటర్లలో తెలుగులో ఆడింది. ఆడియో ట్రాకుల హక్కులు కూడా దేశాన్ని బట్టే ఉండొచ్చు, కాబట్టి ఏడాదికి ఒకేసారి కట్టకుండా ముందు ఒక్క నెల తీసుకుని, ఆడియో మెనూలో తెలుగు ఉందో లేదో చూసుకోండి.

మా ఇంట్లో ప్రస్తుతం నెట్‌ఫ్లిక్స్ ఏడాది పొడుగునా ఉంటుంది, క్రంచీరోల్ సెలవుల్లో మాత్రమే, మిగతాదంతా యూట్యూబ్. మావాడికి వేరే టాబ్లెట్ కొన్నాను. నా లాప్‌టాప్ ఇప్పుడు రెండు నిమిషాలకే లాక్ అవుతోంది.