దస్తర్‌ఖాన్‌పై ముందు మాంసకృత్తులే

బరువు తగ్గేందుకు ఆపరేషన్‌తో పొట్టను చిన్నది చేయించుకున్నవారికి సాధారణంగా రోజుకు 60 నుంచి 80 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఇది మొదటి ఏడాదితో తీరేది కాదు, జీవితాంతం పాటించాల్సిందే. అవి చాలకపోతే కండ కరుగుతుంది, నీరసం వస్తుంది, జుట్టు రాలుతుంది.

ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, వండిన కోడిమాంసం 100 గ్రాముల్లో 25 గ్రాములకు పైగా మాంసకృత్తులుంటాయి. చిన్న పొట్ట బిర్యానీ అన్నంతోనే నిండితే వీటికి చోటుండదు. కనుక ముందు మాంసం, చేప, గుడ్డు, పప్పు. ఆ తర్వాతే అన్నం, రొట్టె.

రంజాన్‌లో ఇఫ్తార్, సహరీల నడుమ ఇంత తినడం కష్టం. రోజాలు ఉండవచ్చో లేదో ముందే వైద్యుణ్ణి అడగాలి. అనారోగ్యంతో ఉన్నవారికి ఇస్లాం సడలింపు ఇచ్చింది. ఉపవాసమున్నవారికి సమోసాలకన్నా ముందు కోడి ముక్క వడ్డించడం ఇంటివారి బాధ్యత.