ఒకే కోడ్, రెండు గడియారాలు

డిసెంబరులో ఒక రాత్రి నాన్న ఫోన్ చేశాడు. హలో కూడా అనలేదు. "ఒరేయ్, నీ యాప్ నా పరువు తీసిందిరా" అన్నాడు.

మాది పల్నాడులో చిన్న ఊరు. నాన్నకి ఎరువులు, పురుగుమందుల కొట్టు ఉంది. సీజన్‌లో అరువు ఇవ్వడం, పంట చేతికొచ్చాక వసూలు చేసుకోవడం... ఇదే వ్యాపారం. కొట్లో పాత కంప్యూటర్ ముందు నాన్న కూర్చుంటాడు. తమ్ముడు బండేసుకుని ఊళ్లు తిరిగి బాకీలు వసూలు చేస్తాడు. ఇద్దరికీ ఒకే లెక్క కనిపించాలని, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూనే వాళ్ల కోసం ఒక ఖాతా యాప్ రాశాను.

ఇంతకీ జరిగింది ఏంటంటే, పక్క ఊరి రైతు ఒకాయన ముందు వారమే తమ్ముడి చేతికి 12,000 రూపాయలు ఇచ్చాడు. తర్వాత కొట్టుకి వస్తే స్క్రీన్ మీద బాకీ అలాగే ఉంది. నాన్న నలుగురి ముందు అడిగేశాడు. "కట్టేశాను షావుకారు గారూ" అన్నాడాయన. "కంప్యూటర్‌లో లేదే" అన్నాడు నాన్న. ఆయన మారు మాట్లాడకుండా వెళ్లిపోయాడు. సాయంత్రం తమ్ముడు వచ్చి, "డబ్బు తీసుకున్నా, అప్పుడే ఎంటర్ కూడా చేశా" అనేసరికి నాన్నకి తల కొట్టేసినట్టయింది.

ఒకసారి రాస్తే అన్నిచోట్లా?

మామూలుగా ఆండ్రాయిడ్‌కి కోట్లిన్, ఐఫోన్‌కి స్విఫ్ట్, విండోస్‌కి ఇంకోటి అని విడివిడిగా రాయాలి. ఈ బాధ తప్పించుకోవాలన్న ఆశ పాతదే. 1995లో వచ్చిన జావా 'ఒకసారి రాయండి, ఎక్కడైనా నడపండి' అనే ఊరించింది. 2015లో రియాక్ట్ నేటివ్ వచ్చింది. గూగుల్ వాళ్ల ఫ్లట్టర్ 1.0 2018 డిసెంబరులో, దానికి విండోస్ సపోర్ట్ 2022 ఫిబ్రవరిలో వచ్చాయి. నేను వాడింది ఫ్లట్టరే. ఒకే కోడ్ నుంచి తమ్ముడి ఫోన్‌కి ఏపీకే, నాన్న కంప్యూటర్‌కి ఈఎక్స్ఈ తయారయ్యాయి. రెండు వారాల్లో పని అయిపోయిందని మురిసిపోయాను.

కోడ్ ఒకటైనా దాన్ని చేర్చే దారులు వేరు. ప్లే స్టోర్‌లో ఖాతాకి ఒకేసారి 25 డాలర్లు. ఆపిల్‌కి ఏడాదికి 99 డాలర్లు, పైగా బిల్డ్ చేయడానికి మ్యాక్ కావాలి. విండోస్‌లో డిజిటల్ సంతకం లేని ఫైల్ తెరిస్తే నీలం రంగు హెచ్చరిక వస్తుంది. అది చూసి నాన్న "వైరస్ అంటోందిరా" అని కంగారుగా స్విచ్ ఆపేశాడు కూడా.

దారులే కాదు, కోడ్ కింద ఉండే సిస్టమ్ కూడా వేరే. 2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరం ఒకటి చేసిన హడావిడి గుర్తుందా? 'జ్ఞా'ని ఒక పద్ధతిలో కోడ్ చేసి పంపితే ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు క్రాష్ అయ్యేవి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. అదే అక్షరం నా ఆండ్రాయిడ్ ఫోన్‌లో హాయిగా కనిపించేది.

టైమ్ కరెక్టే, కానీ...

మళ్లీ మా కొట్టు సంగతికి వస్తే, నా ల్యాప్‌టాప్‌లో ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ తప్పు రాలేదు. శనివారం బస్సెక్కి ఊరెళ్లాను. నాన్న కంప్యూటర్‌లో టైమ్ సరిగ్గానే ఉంది. అనుమానం వచ్చి సెట్టింగ్స్ తెరిచాను. టైమ్ జోన్ అమెరికా పసిఫిక్! విండోస్ వేసినతను జోన్ మార్చకుండా, ఆటోమేటిక్ టైమ్ ఆపేసి, మన టైమ్‌ని చేత్తో పెట్టేశాడు.

దాంతో కొంప మునిగింది. ఒకే ఖాతాని ఇద్దరు మారిస్తే ఎవరిది ఆఖరుదో అదే ఉంచాలని నేను రూల్ రాశాను. టైమ్ పోల్చేది ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీలో. మనం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటాం. తమ్ముడు సాయంత్రం 5కి చేసిన ఎంట్రీ యూటీసీలో ఉదయం 11.30. అదే రోజు ఉదయం 10కి నాన్న ఆ రైతు ఫోన్ నంబర్ మార్చాడు. పసిఫిక్ లెక్కన అది యూటీసీలో సాయంత్రం 6! అంటే యాప్ దృష్టిలో నాన్నదే ఆఖరు మార్పు. నేను పేరు, నంబరు, బాకీ అన్నీ కలిపి ఒకే రికార్డుగా దాచడంతో, నాన్న దగ్గరున్న పాత బాకీ వచ్చి కూర్చుంది. క్రాష్ లేదు, ఎర్రర్ లేదు. 12,000 మాత్రం మాయం.

నాన్న పుస్తకమే నయం

ఆ రాత్రి నాన్న పాత ఖాతా పుస్తకం తిరగేశాను. అందులో ఏదీ చెరిపేయడు. ఇచ్చింది ఒక వరుస, వచ్చింది ఇంకో వరుస. తప్పు పడితే కొట్టేసి కింద మళ్లీ రాస్తాడు. బాకీ అంటే ఆ వరుసల కూడికే.

నేనూ అదే చేశాను. ఇప్పుడు ప్రతి లావాదేవీ దాని సొంత ఐడీతో విడిగా ఉంటుంది, ఒకదాని మీద ఇంకోటి పడదు. వరుసక్రమం సర్వర్ గడియారం చెబుతుంది. కంప్యూటర్ టైమ్ దానితో 5 నిమిషాలకు మించి తేడా ఉంటే స్క్రీన్ మీద ఎర్రగా చూపిస్తుంది. కొత్త వెర్షన్‌ని ముందు తమ్ముడి ఫోన్‌లోనే వేసి, వారం పాటు పుస్తకంతో సరిచూసి, తర్వాతే కంప్యూటర్‌లో వేశాను.

మీరూ ఇలాంటి యాప్ చేయాలనుకుంటే నాదొక్కటే మాట. కోడ్ రాసే ముందు అది నడవబోయే మెషిన్లని వెళ్లి చూడండి. డేట్, టైమ్ జోన్, నెట్ లేనప్పటి పరిస్థితి, బ్యాటరీ సేవర్ అన్నీ చూడండి. మీ దగ్గరున్న మంచి ఫోన్‌లో నడిస్తే సగం పనే అయినట్టు.

ఆదివారం నాన్నా నేనూ ఆ రైతు ఇంటికి వెళ్లాం. "తప్పు మాదే" అన్నాడు నాన్న. ఆయన టీ ఇప్పించి, "డబ్బు సంగతి కాదు షావుకారు గారూ. ఇరవై ఏళ్లుగా ఖాతా ఉంది. నా మాట కంటే దాని మాట ఎక్కువైందే అని..." అని ఆగిపోయాడు. నేను తల దించుకున్నాను.

ఇప్పుడు తమ్ముడు డబ్బు ఎంటర్ చేసి, అది సర్వర్‌కి చేరగానే రైతు ఫోన్‌కి మెసేజ్ వెళ్తుంది. యాప్ ఏడాదిగా తప్పు చేయలేదు. అయినా నాన్న పుస్తకం రాస్తూనే ఉన్నాడు. మానేయమని నేనూ అనలేదు.